పికప్ బండికి తుప్పు: రంగు సంగతి తర్వాత, ముందు కింద చూడండి

ప్రశ్న: మాది ఒడిశాలోని గంజాం జిల్లా, బరంపురం దగ్గర పల్లె. 2012 మోడల్ బొలెరో పికప్‌ను నాలుగేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. తెల్లవారుజామున గోపాల్‌పూర్ ఒడ్డున చేపలు ఎత్తి బరంపురం మార్కెట్‌కూ, అప్పుడప్పుడూ పర్లాకిమిడికీ తోలతాను. ఇంజిను బాగానే ఉంది, బాడీనే తుప్పు తినేస్తోంది. మడ్‌గార్డుల అంచుల్లో రంగు ఉబ్బి రాలుతోంది. డ్రైవరు వైపు తలుపు కింద చిల్లు పడింది. క్యాబిన్‌లో మ్యాటు ఎత్తితే నేల రేకు ఎర్రగా పొరలు లేస్తోంది. వెనక తొట్టి అడుగున వేలు పట్టే కన్నాలున్నాయి. ఫిట్‌నెస్‌కు ఇంకా మూడు నెలల టైముంది. బరంపురంలో ఒక టింకరింగ్ మేస్త్రీ 28 వేలిస్తే లప్పం పెట్టి, రంగు కొట్టి కొత్త బండిలా చేసిస్తానంటున్నాడు. అది దండగ, ఏటా వేస్ట్ ఆయిల్ పూస్తే చాలంటాడు మా చిన్నాన్న. మా ఆవిడ అమ్మేయమంటోంది. పైగా ఈ బండి తిత్లీ తుపానప్పుడు నీళ్లలో మునిగిందని ఈమధ్యే ఒకాయన చెప్పాడు, అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు? రంగు వేయించేటప్పుడు తెలుపు తీసేసి నీలం వేయించుకోవచ్చా?

జవాబు: మీకు సలహా ఇచ్చిన ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. ఎవరి మాట వినాలో తేలాలంటే మాత్రం బండి కిందికి వెళ్లి చూడాల్సిందే. మీరు రాసిన నాలుగు చోట్లూ పైకి కనిపించేవే. బండి బరువంతా మోసే అడుగు చట్రం, అంటే ఛాసిస్ ఊసు ఉత్తరం మొత్తంలో ఎక్కడా లేదు. మడ్‌గార్డు ఊడితే సిగ్గు, ఛాసిస్ విరిగితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని 28 వేల బేరం రెండు రోజులు పక్కన పెట్టండి.

గుంత ఉన్న షెడ్డుకు బండి తీసుకెళ్లండి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరకండి. ముందురోజు అడుగుభాగం మంచినీళ్లతో బాగా కడిగించి ఆరబెట్టండి, బురద కింద ఏమీ కనబడదు. చేతిలో టార్చిలైటు, చిన్న సుత్తి, మొన ఉన్న పాత స్క్రూడ్రైవరు ఉంటే చాలు. ఛాసిస్‌ను అడుగడుగునా సుత్తితో తట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల తినేసిన ఇనుము డొల్లగా మోగుతుంది, పొరలు రాలతాయి. ఆ తేడా మీ చెవికే తెలుస్తుంది, మేస్త్రీ చెప్పనక్కర్లేదు. అనుమానం వచ్చినచోట స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడవండి.

ముఖ్యంగా చూడాల్సినవి వెనక కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) బ్రాకెట్లు ఛాసిస్‌కు పట్టిన చోట్లు, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు, క్యాబిన్ కూర్చునే రబ్బరు బుష్‌ల చుట్టూ, తొట్టి యూ బోల్టుల కింద, ఛాసిస్‌కు అడ్డంగా వెళ్లే ఇనప దూలాలు, అంటే మెంబర్లు. చేపల బండికి ఈ అడ్డ మెంబర్ల పైముఖమే ముందు పోతుంది. తొట్టి కన్నాల్లోంచి కారిన నీళ్లు నేరుగా దాని మీదే పడతాయి, కింద నిలబడి చూసేవాడికి పైముఖం కనబడదు. అక్కడ చెయ్యి పెట్టి తడమండి, అట్టలు అట్టలుగా ఊడి వస్తే విషయం అర్థమవుతుంది.

బ్రేకు పైపులను కూడా అదే పూట చూడండి. సన్నటి ఇనప పైపు మీద తుప్పు బుడిపెలు లేచి ఉంటే ఉప్పు కాగితంతో రుద్దే పని పెట్టుకోకండి, పైపు మార్పించేయండి. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు అది పగిలితే పెడల్ నేలకు తగులుతుంది. బండి మొత్తంలో రూపాయి కూడా బేరమాడకూడని పని ఇదొక్కటే.

ఛాసిస్ మీద ఎర్రటి పొడి మాత్రమే ఉండి, సుత్తికి ఖంగుమంటూ ఉంటే అది పైపై తుప్పు, భయం లేదు. పొరలు రాలుతున్నా కింద మందం మిగిలి ఉంటే గీకించి ప్రైమరు వేయించుకోవచ్చు. కమాన్ బ్రాకెట్ల దగ్గరో స్టీరింగ్ బాక్సు దగ్గరో స్క్రూడ్రైవరు దిగిపోతే మాత్రం అక్కడితో ఆగండి. ఇంక మడ్‌గార్డుల మీద ఒక్క రూపాయి పెట్టకండి. టింకరింగ్ షెడ్డులో పల్చటి రేకు ముక్క అతికించి పైన నల్ల రంగు కొట్టే పని కాదది. బరువు మోసే భాగాల వెల్డింగ్ తెలిసినవాడు చూసి, అయ్యే పనో కాదో చెప్పాలి. ఆయన కాదని తల అడ్డంగా ఊపాడంటే మీ ఆవిడ చెప్పిందే రైటు.

తిత్లీ సంగతికి వద్దాం. 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటిన ఆ తుపాను గజపతి, గంజాం జిల్లాలను వరదలతో ముంచేసింది. ఆ రోజుల్లో మునిగిన బళ్లు కడిగి, తుడిచి చేతులు మారి ఉంటే ఆశ్చర్యం లేదు. సీటు బెల్టును చివరికంటా లాగి చూడండి, బట్ట మీద బురద గీత ఉందేమో. డాష్‌బోర్డు కింద ఎవరి చెయ్యీ తగలని స్క్రూల తలలు, హెడ్‌లైటు వెనక మూలలు, సీటు కింద పట్టాలు చూడండి. వరద నీళ్లు ఆ వారంలోనే ఆరిపోతాయి. సమస్యంతా బురదతో. ఛాసిస్‌లో పెట్టెలా మూసి ఉన్న చోట్ల, తలుపుల్లో, ఫుట్‌బోర్డు గొట్టంలో చేరిన ఒండ్రు ఏళ్ల తరబడి తేమ పట్టుకుని కూర్చుంటుంది. కన్నాల్లోంచి సన్న గొట్టంతో మంచినీళ్లు పంపి కడిగించండి, మట్టి నీళ్లు ఆగి తేట నీళ్లు వచ్చేదాకా. ఇంత చేశాక మునిగిందా లేదా అన్న చర్చ అనవసరం. నాలుగేళ్లుగా ఆ బండి మోస్తున్న ఉప్పు నీళ్లతో పోలిస్తే ఆ ఒక్క వరద పెద్ద లెక్కలోది కాదు.

అసలు తుప్పు మీ సరుకులోంచే వస్తోంది. ఇనుముకు గాలి, నీరు తగిలితే తుప్పు ఎలాగూ పడుతుంది, ఉప్పు తోడైతే ఆ పని ఎన్నో రెట్లు వేగంగా జరుగుతుంది. రేకుల అతుకుల్లో ఎండిపోయిన ఉప్పు ఊరికే ఉండదు. గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, అది తనంతట తాను నీటిని పీల్చుకుని కరుగుతుంది. గోపాల్‌పూర్ ఒడ్డున అంత తేమ ఉండని రాత్రులు తక్కువ. అంటే వాన లేకపోయినా, బండి కదలకపోయినా, మీరు నిద్రపోతున్నా మీ తొట్టి కింద తడిగానే ఉంటుంది. రాయగడ, కోరాపుట్ జిల్లా జైపూర్ కొండల్లో కూరగాయలు తోలే బండికీ మీ బండికీ తేడా ఇదే.

తలుపు కింది చిల్లు కూడా ఇలాంటి కథే. అద్దం పక్క రబ్బరు బీడింగు దాటి దిగిన నీరు బయటికి పోవడానికి తలుపు అడుగు అంచున సన్నటి కన్నాలు పెడతారు. ఒకసారి వంగి వేలితో తడిమి చూడండి. మీ బండిలో అవి బురదతో, చేప పొలుసుతో మూసుకుపోయి ఉంటాయని నా అనుమానం. సైకిలు పుల్లతో పొడిస్తే నల్లటి ముద్ద బయటికొచ్చి, వెనకే నీళ్లు కారతాయి. కొత్త తలుపు కొని వేసినా ఈ కన్నాలు తెరవకపోతే దాని గతీ ఇంతే. క్యాబిన్ నేలకు ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరును అనుమానించండి. ఒకరు బయట అద్దం మీద నీళ్లు పోస్తుంటే మీరు లోపల మ్యాటు తీసి కూర్చోండి, నీరు ఎక్కణ్నుంచి దిగుతోందో కనబడుతుంది. ఆ దారి మూయకుండా నేలకు రేకు వేయించడం దండగ.

ఇక మీ మేస్త్రీ బేరం. లప్పం అంటే ఆయన తప్పుడు పని చేస్తాడని కాదు. రేకు సొట్టను సమం చేయడానికి లప్పం కావాలి. కానీ కన్నం పూడ్చడానికి, తుప్పు కప్పడానికి లప్పం వాడితే చెమ్మ గోడకు సున్నం కొట్టినట్టే. లప్పం తేమను పీలుస్తుంది. వెనక ఉన్న తుప్పు పెరుగుతూనే ఉంటుంది. ఇనుము తుప్పుగా మారితే కొన్ని రెట్లు ఉబ్బుతుంది కాబట్టి లప్పాన్ని రంగుతో సహా బయటికి నెట్టేస్తుంది. ఒక వానాకాలం గడిచేసరికి మళ్లీ అదే చోట బుడగలు లేస్తాయి.

కాబట్టి మేస్త్రీతో బేరం మొత్తంగా మాట్లాడకండి, పనులు విడగొట్టి అడగండి. తుప్పు కోసి కొత్త రేకు వెల్డు చేయడానికి ఎంత, ప్రైమరుకు ఎంత, లప్పానికి ఎంత, రంగుకు ఎంత. రంగు ఖర్చే ఎక్కువగా ఉండి, కోత పని చిల్లరగా ఉందంటే పని ఎలా జరగబోతోందో అక్కడే తెలిసిపోతుంది. ఇంకో షరతు: రేకు గీకి తెల్లగా తేలాక, ప్రైమరు కొట్టే ముందు మీకు ఫోను చేయాలి. మీరు వెళ్లి చూసి, ఫోటో తీసుకున్నాకే ప్రైమరు. దీనికి నవ్వుతూ ఒప్పుకున్న మేస్త్రీ దగ్గర ధైర్యంగా బండి వదలొచ్చు. మొహం చిట్లిస్తే వేరే షెడ్డు చూసుకోండి.

పని జరగాల్సిన తీరు చెబుతాను. ఉబ్బిన రంగు చుట్టూ మంచి రంగు ఉన్నచోటిదాకా గీకించాలి. ఉబ్బు రూపాయి బిళ్లంత ఉంటే కింద తుప్పు అరచేయంత ఉంటుంది. గ్రైండరుకు వైరు కప్పు వేసి తుప్పు తీస్తారు, తర్వాత 80 నంబరు ఉప్పు కాగితం. వైరు కప్పు ఒక్కదాన్నే వాడితే గుంటల్లోని తుప్పు పోదు, పైపైన మెరుస్తుందంతే, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది గానీ కాదు. గుంటల్లో నల్లటి చుక్కలుగా మిగిలిన ఆ తుప్పుకు ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూస్తే అది నల్లటి పొరగా మారుతుంది. పొరలు పొరలుగా ఉన్న తుప్పు మీద కన్వర్టర్ పనిచేయదు. డబ్బా మీద రాసినట్టే కడిగి ఆరబెట్టాలి, యాసిడ్ మిగిలిపోతే పైన వేసే ఎపాక్సీ ప్రైమరు పట్టదు.

రేకు స్క్రూడ్రైవరుకు దిగిపోయిన చోట కోయడమే. పాత రేకు మీద కొత్త రేకు కప్పి చుట్టూ వెల్డు చేసేస్తే రెంటి మధ్యా ఉప్పు తేమ ఉండిపోతుంది. క్యాబిన్ రేకు మందం 1 మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. దానికి సన్నటి వైరుతో చేసే సీఓటూ వెల్డింగే మంచిది, అదీ గీతలా లాగకుండా చుక్క ఇక్కడ, చుక్క అక్కడ వేసుకుంటూ. గ్యాసు వేడికి రేకు వంకర్లు పోతుంది, మామూలు ఆర్క్ రాడ్డు పల్చటి రేకును కాల్చి కన్నం పెద్దది చేస్తుంది. తొట్టి అడుగు మందం రేకు కాబట్టి అక్కడ ఆర్క్ నడుస్తుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ వైర్లు, ఆల్టర్నేటరు కనెక్షను తీయించండి. క్యాబిన్ నేల పని అయితే సీటు, మ్యాటు, కింద వెళ్లే వైర్లు, డీజిలు పైపులు తప్పించాలి. ట్యాంకు దగ్గర పనైతే ట్యాంకు దింపాల్సిందే. ఖాళీ ట్యాంకే కదా అనుకోకండి, లోపలి ఆవిరి పేలుతుంది.

వెల్డు పూర్తయ్యాక అతుకులకు సీమ్ సీలర్, రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమరు, కావాలంటే దాని మీద పల్చగా లప్పం, మళ్లీ ప్రైమరు, ఆ తర్వాతే రంగు. షెడ్లలో మామూలుగా వాడే రెడ్ ఆక్సైడ్ ఇంటి గేటుకు సరిపోతుంది, ఉప్పు నీళ్లు మోసే బండికి అదొక్కటే సరిపోదు. ఎపాక్సీకి కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది. అంత డబ్బు లేకపోతే పైరంగులో తగ్గించుకోండి, ప్రైమరులో వద్దు.

మన తీరంలో ఇంకో చిక్కుంది. తెల్లగా తేలిన ఇనుమును రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి నారింజ రంగు తిరిగేస్తుంది. గీకిన రోజే ప్రైమరు పడాలి. అందుకే బండి మొత్తం ఒకేసారి గీకించకండి, ఆ పూటకు ఎంత ప్రైమరు వేయగలరో అంతే. ముసురు పట్టిన రోజు రంగు కొడితే థిన్నరు ఆవిరయ్యేటప్పుడు రేకు చల్లబడి, గాలిలో తేమ దాని మీద చేరి రంగు పాలిపోతుంది. తుపాన్లు వెళ్లాక, నవంబరు చివర నుంచి ఫిబ్రవరిదాకా మంచి కాలం. మంచు ఆరాక పదింటికి మొదలుపెట్టి మూడింటికల్లా ముగించడం మేలు. మీ ఫిట్‌నెస్ గడువు వానల్లో పడితే ఛాసిస్, నేల, తొట్టి, బ్రేకు పనులు ఇప్పుడు చేయించి, ప్రైమరు మీద ఒక పూత వేసి నడపండి. తళతళలు తర్వాత చూసుకోవచ్చు.

మీ చిన్నాన్న వేస్ట్ ఆయిల్ మాట పూర్తిగా కొట్టిపారేయను. నూనె పొర నీళ్లను ఆపుతుంది, పాత డ్రైవర్లు ఊరికే చెప్పలేదు. కానీ ఇంజిన్లోంచి తీసిన ఆయిల్లో మసి, ఆమ్లాలు ఉంటాయి. బుష్‌ల రబ్బరు ఉబ్బి పాడవుతుంది. బ్రేకు లైనర్ల మీద పడితే బ్రేకు జారుతుంది, దుమ్ము అంటుకుని ముద్ద కడుతుంది, వానకు కారి మీ వాకిట్లోని నేలలో దిగుతుంది. పైగా మీది తినే సరుకు మోసే బండి. దాని బదులు ఛాసిస్ లోపలి ఖాళీల్లో, తలుపుల్లో, ఫుట్‌బోర్డు గొట్టంలో కొట్టే క్యావిటీ వ్యాక్స్ దొరుకుతుంది. సన్న గొట్టంతో లోపలికి పంపిస్తారు. వెల్డింగులన్నీ అయ్యాకే కొట్టించాలి, ముందే కొడితే వెల్డింగ్ నిప్పుకు మంట అంటుకుంటుంది. తారులాంటి నల్ల అండర్‌కోటింగ్ మాత్రం తుప్పు మీద ఎవరు వేస్తానన్నా వద్దనండి. తేమను లోపల పెట్టి మూత వేసినట్టవుతుంది, తినేస్తున్నది కూడా కనబడదు.

ఇంత చేయించాక మళ్లీ చేప నీళ్లు తొట్టిలోకి వదిలితే చేసిందంతా వృథా. కొందరు తొట్టిలో అల్యూమినియం గళ్ల రేకు పరుస్తారు, దాన్ని ఇనప బోల్టులతో బిగిస్తారు. నాకది ఇష్టం లేదు. రెండు లోహాల మధ్య ఉప్పు నీరు నిలిచి రెంటినీ తింటుంది, ఎత్తి చూసేదాకా తెలీదు. కింద బిరడా ఉన్న గట్టి ప్లాస్టిక్ చేప పెట్టెలు వాడి, బిరడా మార్కెట్‌లోనే తీయండి. థర్మాకోల్ పెట్టెలే తప్పకపోతే తొట్టికి అతుకు లేని ఫైబర్ ట్రే చేయించి, వెనక్కి కొంచెం వాలు పెట్టి, నీళ్లు పోయే గొట్టాన్ని ఛాసిస్ దాటించి బయటికి వదలండి. బండి మీద పెట్టే డబ్బులో నాకు అన్నిటికంటే గిట్టుబాటుగా కనిపించేది ఈ గొట్టమే.

సరుకు దించిన రోజు దించినట్టే కడగండి. తొట్టి కంటే దాని అడుగు, మడ్‌గార్డుల లోపలి అంచు ముఖ్యం. ఏ నీళ్లతో కడుగుతున్నారో చూసుకోండి. సముద్రం దగ్గర బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. నాలుకకు ఉప్పగా తగిలితే ఆ నీళ్లు బండికి వద్దు, బరంపురం వచ్చాక కడగండి. కడిగాక ఎండలో కాసేపు నిలపండి. ప్లాస్టిక్ టార్పాలిన్ నిండా కప్పి ఉంచితే లోపల చెమరుస్తుంది. బ్యాటరీ కింది ట్రేను వంట సోడా కలిపిన నీళ్లతో అప్పుడప్పుడూ తుడవండి, అక్కడ ఉప్పు కంటే యాసిడ్‌ది పాపం.

అమ్మడం గురించి కూడా ఒక మాట. 8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు, బండి పాతబడేకొద్దీ ఆ ఫీజులూ పెరుగుతాయి. మీది 2012 మోడల్ కాబట్టి ఈ లెక్క కూడా వేసుకోండి. ఛాసిస్ గట్టిగా ఉంటే చేయించి నడుపుకోవడమే లాభం, తుప్పు పట్టిన బాడీని చూసి కొనేవాడు మంచి ఇంజినుకు కూడా ధర కట్టడు. ఛాసిస్ పోయి ఉంటే లప్పం పెట్టి ఇంకొకరికి అంటగట్టకండి. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే ‘సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్’ ఇస్తారు. దానితో కొత్త బండి కొన్నప్పుడు రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంటుంది. పని చేయించినా, అమ్మినా ఛాసిస్ నంబరు చెక్కిన చోట మాత్రం గ్రైండరు తగలనివ్వకండి. చేత్తో మెల్లగా తుడిచి పల్చగా పూత వేయించండి. నంబరు చెరిగితే తుప్పు కంటే పెద్ద తలనొప్పి.

నీలం రంగు వేయించుకోవచ్చు. కాకపోతే ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది కాబట్టి ఆర్టీఓ ఆఫీసులో దరఖాస్తు పెట్టి మార్పు రాయించాలి, ఫైనాన్స్ ఉంటే వాళ్ల ఒప్పుకోలు తీసుకోవాలి. తలుపుల అంచులు, క్యాబిన్ లోపలి రేకులు, ఇంజిను గది కూడా కొట్టించకపోతే తలుపు తీయగానే పాత తెలుపు కనబడుతుంది, ఖర్చు మీ 28 వేలు దాటుతుంది. తెలుపే ఉంచుకుంటే పని చేసిన చోటు వరకే రంగు సరిపోతుంది. తెలుపు మీద తుప్పు చార గోధుమ రంగులో ముందే కనబడుతుంది కూడా. మీ సరుకుకు నేనైతే తెలుపే ఉంచుతాను.